విమానం మేత

బంకు ముందు జీపు ఆగింది గానీ ఇంజను ఆపలేదు. పెట్రోలు కోసం వచ్చినవాడెవడూ బంకు ముందు ఇంజను నడుస్తూ ఉంచడు. ఇది బేరం కాదని పార్వతీదేవికి అప్పుడే తెలిసిపోయింది.

ఆవిడ అప్పుడు సాలూరు వెళ్లే టాక్సీకి పెట్రోలు పడుతోంది. చేత్తో తిప్పే పంపు అది. పైన రెండు గాజు బుడ్లు, ఒక్కోటీ అయిదు లీటర్లు. ఒకటి దిగుతూంటే రెండోది నిండుతుంది. చెయ్యి తిప్పేది రాముడు, గొట్టం పట్టుకునేది ఆవిడ. రాముడికి అరవై దాటాయి, పార్వతీదేవికి యాభై దగ్గర పడుతున్నాయి. ఈ ఇద్దరూ కలిసి బొబ్బిలిలో ఉన్న ఆ ఒక్క పెట్రోలు బంకునీ నడిపిస్తున్నారు.

జీపులోంచి ముప్ఫై అయిదేళ్ల మనిషి దిగాడు. తెల్ల చొక్కా, జేబులో మూడు కలాలు, చేతిలో లక్క సీలు వేసిన సీసా. పొలాలకి పురుగుమందు చల్లడానికి వచ్చిన చిన్న విమానం తాలూకు ఇంజనీరు. పేరు భీమశంకరరావు.

"ఈ బంకు ఎవరిది?"

"జగన్నాధం గారిదండి," అన్నాడు రాముడు.

"పిలువు ఆయన్ని."

"ఆయన పోయి నాలుగేళ్లయినాదండి. ఆయన ఇల్లాలు, ఈ అమ్మగారే సూసుకుంటన్నారు."

భీమశంకరరావు ఆవిడ తెల్లచీర వంకా, పెట్రోలు మరకలు పడ్డ చేతుల వంకా చూశాడు. సీసా పైకెత్తి ఎండలో పట్టుకున్నాడు. పైన మూడు వంతులు ఎర్రగా ఉంది. అడుగున రెండు వేళ్ల మందాన పసుప్పచ్చగా ఉంది.

"చూడండి. ఎర్రటిది విమానం పెట్రోలు, మాది. అడుగున పచ్చటిది మీది. మా డ్రమ్ముల్లోంచి ఎవడో దొంగతనం చేసి, లోటు కనపడకుండా మీ బంకు సరుకు పోశాడు. మీరు కిరసనాయిలు కలిపిన సరుకు. నిన్న పొద్దున్న అది తాగి ఇంజను గాల్లో ఆగిపోయింది. పైలటు చోడిచేలో, ఆ రాగి మొక్కల్లో, దింపబట్టి బతికాడు."

టాక్సీ డ్రైవరు మూడో బుడ్డి దిగకముందే గొట్టం తీసెయ్యమని సైగ చేశాడు. ఇంతకు ముందు ఈ బంకు పెట్రోలు తప్ప ఇంకో పెట్రోలు పోయనని సాలూరు ఘాటీ రోడ్డు మీద ప్రమాణం చేసిన మహానుభావుడే.

"ఎవరు పట్టికెళ్లేరు బాబూ నా దగ్గర? ఎప్పుడు?" అంది పార్వతీదేవి.

"అది పోలీసులు తేలుస్తారు. తహసీల్దారు గారి ఆఫీసులో కాగితం ఇచ్చి వస్తున్నాను. ఆయన క్యాంపులో ఉన్నారు. సోమవారం వచ్చి మీ పంపుకి సీలు వేస్తారు."

జీపు వెళ్లిపోయింది. రాముడు పంపు చెయ్యి వదలకుండా అలాగే నిలబడ్డాడు.

బొబ్బిలిలో మాట నడవదు, పరిగెడుతుంది. మధ్యాహ్నానికల్లా కోట దగ్గరా, బజారులోనూ, వీణలు చేసే వీధిలోనూ ఒకటే మాట. పార్వతమ్మ బంకులో కిరసనాయిలు కలిపిందట, విమానం కూలిపోయిందట. నిప్పు లేనిదే పొగ రాదు కదా అన్నారు, నిప్పుకీ పొగకీ దూరంగా కూర్చున్నవాళ్లు. చిత్రమేమిటంటే ఈ నాలుగేళ్లూ అది జగన్నాధం గారి బంకు. కొలత సరిగ్గా ఉంటే జగన్నాధం గారి బంకు, సరుకు బాగుంటే జగన్నాధం గారి బంకు. ఇవాళ కిరసనాయిలు అనగానే పార్వతమ్మ బంకయి కూర్చుంది. ఆ సంగతి పార్వతీదేవికి కిరసనాయిలు కన్నా ఎక్కువ ఘాటుగా తగిలింది.

ఆవిడ ఎవరితోనూ వాదించలేదు. ముందు తన సరుకు తనే అనుమానించింది. భూమిలోని ట్యాంకు మూత తీయించి, అడుగు నుంచి గ్లాసెడు పెట్రోలు పైకి తీయించింది. తెల్ల కాగితం మీద ఒక్క చుక్క వేసి ఊదింది. కిరసనాయిలు ఉంటే కాగితం మీద నూనె మరక నిలిచిపోతుంది. చుక్క ఆరిపోయింది, కాగితం తెల్లగా మిగిలింది. ఇంకో చుక్క అరచేతిలో వేసుకుంది. చల్లగా తగిలి ఎగిరిపోయింది. రాముడు కూడా తన చేతిలో వేసుకుని, వాసన చూసి, తల ఊపాడు.

"మన సరుకు సుద్ధంగా ఉన్నాదమ్మా."

"మనకి తెలిస్తే సరా రాముడూ? ఊరికి ఎవరు చెప్తారు?"

సాయంత్రం దాకా బంకు ముందు ఒక్క బండి ఆగలేదు.

*

మర్నాడు పొద్దున్నే సోములు వచ్చాడు. పిరిడి వైపు ఆరెకరాల వరి చేసే రైతు. తువ్వాలులో మూటకట్టి తెచ్చిన వరికంకుల్ని ఆవిడ కూర్చునే బల్ల మీద కుమ్మరించాడు. పాలు పోసుకుని గట్టిపడుతున్న కంకులు, మెడ దగ్గర కత్తిరించినట్టు తెగి ఉన్నాయి.

"సూడమ్మా. ఒక్క రేతిరి పని. పురుగు పగలంతా మొదల్లో దాక్కుంటాది, సీకటి పడితే ఎక్కి కొరికి పారేస్తాది. తెల్లారి సూస్తే నేల నిండా కంకులే. ఇమానం రెండు పూటలు తిరిగితే పురుగు సచ్చీది. మూడు ఊళ్లోళ్లం ఆశగా ఉన్నాం. నీ బంకు నూని ఏటి సేసినాదో సూడు."

కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. పార్వతీదేవి ఒక కంకి తీసుకుని గింజ నొక్కింది. పాలు వచ్చాయి. ఇంకో ఇరవై రోజులు నిలబడితే అన్నం అయ్యేది.

"బండి తెచ్చేవా సోములూ?"

"తెచ్చేను."

"పద. ఆ ఇమానం దగ్గరికి తీసికెళ్లు."

"ఆ ఇంజినీరు మీద పడి కొడతాడమ్మా," అన్నాడు సోములు. తను తిట్టడానికే వచ్చినవాడు కాస్తా ఒక్కసారిగా కంగారు పడ్డాడు.

"కొడితే కొడతాడు. సీలు వేసిన సీసాలో ఏటుందో నేనూ చూడాలి కదా."

యుద్ధం రోజుల్లో ఎవరో చదును చేసి వదిలేసిన బయలు అది. ఇన్నాళ్లూ మేకలు మేసేవి. ఇప్పుడు మధ్యలో విమానం నిలబడి ఉంది. చోడిచేలోంచి దాన్ని మూడు జతల ఎడ్లు లాక్కొచ్చాయి. చక్రాలకి ఇంకా మట్టి. రెక్క నీడన మడత కుర్చీలో పైలటు గణపతిరావు కూర్చుని ఎనామిల్ పళ్లెంలో ఉప్మా తింటున్నాడు. కాకినాడ మనిషి. నవ్వు ముఖం. నిన్నగాక మొన్న చచ్చి బతికినట్టు ఏమీ లేడు.

కాస్త దూరంలో ఎండలో, ఇటుకల మీద నాలుగు డ్రమ్ములు నిటారుగా నిలబెట్టి ఉన్నాయి. వాటికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేశారు. దండలు వాడిపోయాయి.

"మీరెందుకు వచ్చారు?" అన్నాడు భీమశంకరరావు.

"ఒక్క మాట అడిగి వెళ్లిపోతాను బాబూ. పాలల్లో పాలు పోస్తే వేరుగా నిలబడతాయా?"

"పాలేమిటి?"

"పెట్రోల్లో పెట్రోలు పోస్తే కలిసిపోతాది కదా. కిరసనాయిలు పోసినా కలిసిపోతాది. మీ సీసాలో ఎరుపు పైన, పసుపు కింద, మధ్యలో గీత గీసినట్టు ఎందుకున్నాది?"

భీమశంకరరావు సీసా మళ్లీ ఎండకి ఎత్తి చూశాడు. చదువుకోని విషయం కాదు అది. మొన్న సాయంత్రం విశాఖపట్నం నుంచి వచ్చేసరికి విమానం చేలో ఉంది, సహాయకుడు విమానం ట్యాంకు అడుగు నుంచి పట్టిన ఈ సీసా చేతిలో పెట్టాడు, కోపం కళ్లకి అడ్డం పడింది. అడ్డం పడ్డ కోపానికి వెంటనే సీలు కూడా వేసేశాడు.

"అడుగున నిలబడేవి నీళ్లే," అన్నాడు నెమ్మదిగా. "కానీ నీళ్లకి రంగుండదు. ఇది పచ్చగా ఉంది. మీ బంకు పెట్రోలు కూడా పచ్చటిదే."

పైలటు ఉప్మా పక్కన పెట్టి లేచి వచ్చాడు.

పార్వతీదేవి డ్రమ్ముల దగ్గరికి నడిచింది. పైమూతల అంచులోపల ఎండిన పసుపు చారలు కట్టి ఉంది. బిరడా చుట్టూ మరీ మందంగా ఉంది.

"బొట్లు ఎవరు పెట్టేరు?"

అప్పటికే చుట్టూ మూగిన రైతుల గుంపులోంచి తవిటమ్మ ముందుకొచ్చింది. సోములుకి వదిన వరస. గట్టి మనిషి, గట్టి గొంతు.

"మాఁవేనమ్మా. మా ఊరి ముత్తయిదువులం అయిదుగురం. ఇమానం వచ్చిన నాడు దానికి పూజ సేసినాం, సెక్రాల కింద నిమ్మకాయలు పెట్టినాం. మరి దానికి పూజ సేసి దాని మేతకి సెయ్యకపోతే ఎలాగ? ఎడ్లకి సేసి గడ్డివాముకి సెయ్యమేటి? పసుపునీళ్లతో కడిగి బొట్లు పెట్టినాం."

"మూతల మీద కూడా పోసేరా?"

"పొయ్యకుండా ఎలాగుంటాది? నిండా సెంబుడు పోసినాం. ఆ మూత కాస్త వదులుగా ఉన్నాది. గుడగుడమని లోనకి పోయినాయి నీళ్లు. దేముడు తాగేసినాడని అందరం దండం ఎట్టినాం!"

ఎవరూ నవ్వలేదు. తవిటమ్మ ఒక్కతే అందరి ముఖాలూ చూసి, ఏదో తప్పు మాట్లాడానేమోనని కొంగు సర్దుకుంది.

"కొలత చూసి బిరడా వేళ్లతో తిప్పి వదిలేసి ఉంటారు మావాళ్లు," అన్నాడు గణపతిరావు.

"అదంతా ఊహ," అన్నాడు భీమశంకరరావు. గొంతులో మాత్రం మునుపటి బిగువు లేదు. "ఋజువు ఏమిటి?"

"ఋజువు తవిటమ్మ మొలలో ఉన్నాది," అంది పార్వతీదేవి. "సున్నపు కాయ ఇలా ఇయ్యి తవిటమ్మా."

భీమశంకరరావు కాసేపు సీసా వంక చూశాడు. తర్వాత జేబులోంచి చాకు తీసి, తను వేసిన సీలు తనే పగలగొట్టాడు. ఎర్రటి పెట్రోలు జాగ్రత్తగా పక్కకి వంచేసి, మిగిలిన పచ్చటి నీటిని కడిగి తుడిచిన ఎనామిల్ పళ్లెంలో పోశాడు. తెల్లటి పళ్లెంలో అది ఇంకా పచ్చగా కనిపించింది.

పార్వతీదేవి చిటికెన వేలి కొసన సున్నం తీసుకుని పళ్లెంలో కలిపింది. ఒక్క తిప్పు. రెండో తిప్పు పూర్తికాకముందే పచ్చటి నీళ్లు ఎర్రగా తిరిగిపోయాయి.

"ఓలమ్మో, పారాణి!" అంది తవిటమ్మ.

అంతే. పసుపులో సున్నం పడితే ఏమవుతుందో తెలియని మనిషి ఆ బయలులో ఒక్కడూ లేడు. ఇంజనీరు ఇంట్లో కూడా ఎవరి పెళ్లికో ఎవరో కలిపే ఉంటారు. ఆయన ఆ పళ్లెంలోకి చూస్తూ చెవుల దాకా ఎర్రబడ్డాడు. పార్వతీదేవి వేలికి అంటిన సున్నం కొంగుకి తుడుచుకుంది. ఏడుపు రాబోతే మింగేసింది.

తవిటమ్మకి మాత్రం ఇప్పుడు తెలిసొచ్చింది. "అయితే ఇమానాన్ని పడగొట్టినది మాఁవేనా తల్లీ?" అంది. ఆమె మొగుడి కంకులు కూడా నేల మీదే ఉన్నాయి.

"మీరు భక్తితో పోసేరు. పడగొట్టాలని పొయ్యలేదు," అంది పార్వతీదేవి. తర్వాత, ఆపుకోలేక, "ముత్తయిదువులనే కాకుండా నన్నూ ఒక్క మాట అడిగుంటే చెప్పీదాన్ని. నీళ్లకీ పెట్రోలుకీ పడదని," అంది. తవిటమ్మ తల వంచుకుంది.

భీమశంకరరావు చాకు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సోమవారం నేనే వెళ్లి ఆ కాగితం వెనక్కి తీసుకుంటాను."

"కాగితం మీరు వెనక్కి తీసుకుంటారు బాబూ. ఊరి నోట్లో పడ్డ మాట ఎవరు వెనక్కి తీసుకుంటారు?" అంది ఆవిడ. "అది అలా ఉంచండి. మరి ఈ ఇమానానికి మేత ఏదీ?"

ఆ మాటతో అందరూ నేల మీదికి వచ్చారు. నాలుగు డ్రమ్ములకీ పూజ జరిగింది. ఒకసారి నీళ్లు చేరిన సరుకుని ట్యాంకులో పొయ్యనంటాడు ఇంజనీరు, అది న్యాయమే. కొత్త డ్రమ్ములు విశాఖపట్నం నుంచి రావాలి. రాత్రి వేగావతి ఏరు పొంగి పారాది దగ్గర రోడ్డు మునిగింది, లారీ సోమవారం దాకా దాటదు. సోమవారం దాకా పురుగు ఆగదు.

"బంకు పెట్రోలు పోద్దాం," అన్నాడు గణపతిరావు.

"కుదరదు."

"ఎందుకు కుదరదు? ఇది చిన్న ఇంజను. నీ జీపుకున్నంత ఒత్తిడి కూడా లేదు దీని సిలిండర్లలో. పెద్ద ఇంజనయితే ఈ పెట్రోలు తట్టుకోలేక టకటకా కొట్టుకుని పగిలిపోతుంది. ఇది కొట్టుకోదు. పుస్తకం తీసి చూడు."

భీమశంకరరావు జీపులోంచి లావుపాటి పుస్తకం తెచ్చి, బానెట్టు మీద పెట్టి, వేలితో వరస వరసా చదివాడు. రైతులు పంచాంగం చదివే పంతులు చుట్టూ చేరినట్టు చేరారు. చివరికి తలెత్తాడు.

"పెట్రోలు రకానికి రాసిన అంకె సరిపోతుంది. కానీ అంకె ఒక్కటే కాదు. కారు పెట్రోలు త్వరగా ఆవిరవుతుంది. ఎండలో గొట్టంలోనే ఆవిరి కట్టి అడ్డం పడితే ఇంజను మళ్లీ ఆగుతుంది."

"సాలూరు ఘాటీ మీద టాక్సీలకి అదే జబ్బు," అంది పార్వతీదేవి. "ఇంజను పక్కనుండే పెట్రోలు పంపు వేడెక్కి ఆగిపోతాది. డ్రైవర్లు దానికి తడిగుడ్డ చుట్టి ఎక్కిస్తారు."

"దీనికి ఆ పంపే లేదమ్మా," అన్నాడు గణపతిరావు ఉత్సాహంగా, రెక్క మీద తట్టి. "ట్యాంకులు పైనున్నాయి. కుళాయిలో నీళ్లలాగా దానంతటదే దిగుతుంది."

"అయితే తెల్లారి చల్లగా ఉన్నప్పుడే ఎగరండి. ఎండ ఎక్కకముందే దిగిపోండి. నా ట్యాంకు భూమిలో ఉన్నాది, సరుకు చల్లగానే ఉంటాది. గోనెలు తడిపి కప్పి తెస్తాను."

భీమశంకరరావు పుస్తకం మూశాడు. పచ్చటి చేల వైపు చూశాడు. దగ్గరగా వెళ్లి చూడని వాడికి అది పచ్చగానే కనిపిస్తుంది.

"నేను సంతకం పెడితేనే ఇది ఎగరాలి," అన్నాడు. "తేడా వస్తే పోయేది నా లైసెన్సు, ఈయన ప్రాణం. రేపు తెల్లవారుజామున తీసుకురండి. ప్రతి డబ్బా నేనే పరీక్ష చేస్తాను. అరగంట నేల మీదే నడుపుతాను. ఒక్క తుమ్ము తుమ్మినా ఎగరనివ్వను."

"తుమ్మదు," అంది పార్వతీదేవి.

*

తూరుపు తెల్లబడుతూండగా సోములు బండి బయలు చేరింది. బండిలో ఆరు డబ్బాలు, వాటిమీద తడి గోనెలు. రాముడు దారి పొడవునా కుండలోంచి నీళ్లు చిలకరిస్తూనే ఉన్నాడు. మూడు ఊళ్ల జనం అప్పటికే వచ్చి ఉన్నారు. నమ్మి వచ్చినవాళ్లు కొందరు, విమానం మళ్లీ పడితే చూద్దామని వచ్చినవాళ్లు కొందరు. మొన్నటి సాలూరు టాక్సీ డ్రైవరు రెండో రకం.

భీమశంకరరావు చెప్పినట్టే చేశాడు. ప్రతి డబ్బా మూత తీసి, వాసన చూసి, గాజు గొట్టంతో అడుగు నుంచి తీసి వెలుతురుకి పట్టి చూశాడు. కాగితం మీద చుక్క వేశాడు. పార్వతీదేవి పక్కనే నిలబడి ఉంది. ఆరో కాగితం కూడా తెల్లగా ఆరింది. అప్పుడు ఆయన నిచ్చెన ఎక్కి, గరాటులో మెత్తటి తోలు పరిచాడు. తోలు పెట్రోలుని దిగనిస్తుంది, నీటి చుక్కని ఆపేస్తుంది. ఆరు డబ్బాలూ దిగాక తోలు తీసి చేత్తో తడిమాడు. ఒక్క నీటి చుక్క లేదు.

విమానం తోకని మోకులతో తాటిమొద్దుకి కట్టారు. గణపతిరావు లోపల కూర్చున్నాడు. భీమశంకరరావు పంకా పట్టుకుని ఒక్క గుంజు గుంజి వెనక్కి దూకాడు. ఇంజను అందుకుంది. గాలికి ఆడవాళ్ల కొంగులు ఎగిరాయి, ఎడ్లు బెదిరాయి, తవిటమ్మ రెండు చెవులూ మూసుకుంది. ఇంజనీరు గడియారం పట్టుకుని ఇంజను పక్కనే నిలబడ్డాడు. పది నిమిషాలు. ఇరవై. మధ్యలో ఒకసారి చప్పుడు సన్నబడితే పార్వతీదేవి చప్పున రాముడి వైపు తిరిగింది. పైలటే కావాలని తగ్గించాడని రాముడు చెవిలో అరిచి చెప్పాడు. ముప్ఫై నిమిషాలూ పూర్తయ్యాయి. తుమ్మలేదు, దగ్గలేదు. ఇంజను అడుగున నీళ్లూ మురికీ పట్టే గాజు గిన్నె విప్పి చూస్తే అద్దంలా ఉంది.

భీమశంకరరావు పుస్తకం తెరిచి సంతకం పెట్టాడు. కలం మూసి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, పైలటు పక్కసీటు తలుపు తెరిచాడు.

"మందు లేకుండా ఒకసారి ఎగిరి చూడాలి. సంతకం పెట్టినవాడు మొదటి ఎగరటంలో కూర్చోవాలి. మేము పని నేర్చుకున్న చోట అది రివాజు."

"ఆగండి బాబూ," అంది పార్వతీదేవి. "సంతకం మీది. పెట్రోలు నాది. నేనెక్కుతాను."

భీమశంకరరావు తలుపు పట్టుకునే వెనక్కి తిరిగాడు.

"మీరా?"

"ఏదైనా తేడా వస్తే బాగుచెయ్యడానికి మీరు కిందుండాలి. నేను కిందుండి ఏటి చేస్తాను? దండం పెట్టుకోవడం తప్ప. నా సరుకులో కల్తీ ఉన్నాదని ఊరంతా అన్నారు. లేదని నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఏటి లాభం? కూర్చుని చూపిస్తాను."

భీమశంకరరావు గణపతిరావు వంక చూశాడు. గణపతిరావు నవ్వి, "నీకన్నా తేలికే. ఎక్కండమ్మా," అన్నాడు.

గుంపులోంచి ఒక ముసలాయన గొణిగాడు, మొదటి పూట విధవ మనిషి ఎక్కడమేమిటని. పార్వతీదేవి విన్నది. ఇలాంటివి వినీ వినీ ఆవిడ చెవులు కాయలు కాశాయి. ఈసారి మాత్రం ఆవిడ జవాబు చెప్పాల్సిన పని లేకపోయింది. తవిటమ్మ అందుకుంది.

"నోరు ముయ్యి మావా! మొన్న అయిదుగురు ముత్తయిదువులం సేతులారా నీళ్లు పోసి ముంచినాం కదా. ఇంకా బుద్ధి రాలేదేటి నీకు? ఎక్కు తల్లీ, ఎక్కు. నానున్నాను ఇక్కడ."

పార్వతీదేవి కొంగు నడుముకి బిగించి కట్టుకుంది. చెప్పులు విప్పి నేల మీద పెట్టింది, గుళ్లోకి వెళ్లేముందు పెట్టినట్టు. తవిటమ్మ చెయ్యి పట్టుకుని ఎక్కించింది. భీమశంకరరావు పట్టీ బిగించి, తలుపు రెండుసార్లు లాగి చూసి, వెనక్కి తగ్గాడు.

విమానం పరుగెత్తింది. ఎడ్లబండి కుదుపు లాంటి కుదుపే, పది రెట్లు. పళ్లు టకటకలాడాయి. తాటిచెట్లు మీదికొచ్చాయి. ఇంక గుద్దేస్తుందనుకునేంతలో కుదుపు ఆగిపోయింది. కింద చక్రాలకి నేల లేదు.

ఆవిడ మొదట కళ్లు మూసుకుంది. కళ్లు మూసుకుంటే చెవులు బాగా పనిచేస్తాయి. ఇంజను చప్పుడు వింది. నాలుగేళ్లుగా ఆవిడ బంకు ముందు ఆగిన ప్రతి బండి చప్పుడూ ఇలాగే వినేది, ఏ ఇంజను ఆరోగ్యం ఎలాగుందో చప్పుడులోనే చెప్పేసేది. ఇది తేడా లేకుండా, గొంతు విప్పుకుని, హాయిగా పాడుతోంది. తన పెట్రోలు తాగి పాడుతోంది. ఆవిడ కళ్లు తెరిచింది.

కింద బొబ్బిలి. అరచేతిలో పట్టేంత ఊరు. కోట గోడలు, బజారు పెంకులు, రైలుపట్టా, వరద నీళ్లతో ఎర్రగా మెలికలు తిరిగిన వేగావతి. రోడ్డు పక్కన వేలెడంత తన బంకు. ఆ వేలెడంత బంకు మీద ఇంతమంది ఇన్ని మాటలన్నారా అని నవ్వొచ్చింది. పైకే నవ్వింది. ఆ రొదలో ఎవరికీ వినపడదని మరీ గట్టిగా నవ్వింది. గణపతిరావు చూసి తనూ నవ్వాడు.

విమానం పిరిడి చేల మీదికి తిరిగింది. పై నుంచి చూస్తే తెలిసింది. పచ్చటి చేలల్లో అక్కడక్కడ గడ్డిరంగు మచ్చలు, పురుగు తిన్న మేర. మచ్చలు ఇంకా ఒకదానికొకటి కలవలేదు. పచ్చదనమే ఎక్కువగా మిగిలి ఉంది. పార్వతీదేవి పైలటు భుజం తట్టి, వేలితో చూపించింది. ఆయన తల ఊపాడు.

"పదండి, దిగుదాం! పని ఉన్నాది!" అని ఆవిడ అరిచింది.

*

చక్రాలు నేల తాకి పరుగు ఆగేలోపే జనం పరిగెత్తుకొచ్చారు. సోములు ముందున్నాడు. తువ్వాలు తలమీంచి ఊడి పడిపోయినా చూసుకోలేదు. తవిటమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియదు. పార్వతీదేవి దిగి ఒక నిమిషం రెక్క కర్ర పట్టుకుని నిలబడింది. కాళ్ల కింద నేల ఇంకా ఊగుతోంది.

భీమశంకరరావు ఎవరినీ పలకరించకుండా విమానం కింద పడుకుని గాజు గిన్నె విప్పాడు. ఎండకి ఎత్తి చూశాడు. లేచి, గిన్నెని ఆవిడకి చూపించాడు. ఆవిడ చూసి తిరిగి ఇచ్చింది.

"మందు ఎక్కించండి!" అన్నాడు గణపతిరావు.

సోములూ, ఇంకో నలుగురూ మందు డబ్బాలకి పరిగెత్తారు. భీమశంకరరావు బానెట్టు మీద విమానం పుస్తకం తెరిచాడు. ఏ రోజు, ఎంతసేపు, ఏమి పోశారు, ఎక్కడిది, అన్నీ అందులో రాయాలి. కలం ఆగింది.

"అమ్మా," అన్నాడు. నిన్నటి దాకా ఆయన నోట ఆ పిలుపు లేదు. "పెట్రోలు ఎక్కడిదని రాయాలి. మీ బంకు పేరు చెప్పండి. జగన్నాధం గారి బంకు, బొబ్బిలి. అంతేనా?"

జనం మధ్య నుంచి టాక్సీ డ్రైవరు అంతే అంతే అన్నాడు. అందరికన్నా ముందు.

పార్వతీదేవి కొంగుతో ముఖం తుడుచుకుంది. పోయిన మనిషి మంచివాడే. ఆయన పేరు మీద ఆవిడకి కోపం లేదు.

"కాదు బాబూ," అంది, అందరికీ వినపడేలా. "పార్వతీదేవి బంకు అని రాయండి."

భీమశంకరరావు రాశాడు. రాసింది గట్టిగా చదివాడు. తర్వాత కలం జేబులో పెట్టుకుని, తనే నిచ్చెన ఎక్కి గరాటు పట్టుకున్నాడు.

"మిగతా సరుకు తెప్పించండమ్మా. ఎండ ఎక్కకముందు ఇంకో రెండుసార్లు ఎగరాలి."

రాముడు అప్పటికే బండి తిప్పాడు. పార్వతీదేవి చెప్పులేసుకుని బండెక్కింది. గోనెలు మళ్లీ తడపమని చెప్పింది.